స్టార్టర్ వదిలిన క్షణం

మణిమారన్ మళ్లీ పిలుస్తున్నాడు, రేడియో గది కిటికీ తెరిచే ఉంది కాబట్టి విమానాలు పెట్టే హాంగరు నీడలో నిలబడ్డ నాకు కూడా అతని గొంతు వినిపిస్తోంది, రోమియో, రోమియో, వినపడుతోందా రోమియో, తర్వాత గరగరమని చప్పుడు, ఆ చప్పుడు వెనకాల ఏమీ లేదు, మాట లేదు, ఊపిరి లేదు, హైందవి లేదు. ఏడూ ముప్పై ఐదు. ఏడూ ఇరవైకి చెంబరంబాక్కం చెరువు మీద ఉన్నానని చెప్పింది, ఆ మాట నేనూ విన్నాను, అదే ఆఖరు. రోమియో అంటే విమానం, తోక మీద రాసిన చివరి అక్షరం ఆర్, రేడియోలో ఆర్‌ని రోమియో అంటారు కాబట్టి అందరం అలా పిలుస్తాం, రెండే సీట్లు, విమానం నడపడం నేర్పే ఈ క్లబ్బులో నా ఇరవై ఆరేళ్ల కొలువు కన్నా దాని వయసు ఇంకో పదేళ్లు ఎక్కువ. అందులో ఇవాళ ఆ పిల్ల ఒక్కతే ఉంది, పక్కన నేర్పే కెప్టెన్ లేడు, ఒంటరిగా ఎగరడం ఆమెకు ఇది ఐదోసారో ఆరోసారో. ఆమె ఎందుకు మాట్లాడడం లేదో ఇక్కడ ఒక్క మనిషికే తెలుసు. ఆ మనిషి చేతులు జేబుల్లో పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

చూశాను. నోటితో కాకపోయినా లోపలైనా ముందు ఇది ఒప్పుకోవాలి. ఆరూ యాభైకి రోమియో ముక్కు ఎదురుగా నిలబడి, చక్రాల కింది అడ్డుచెక్కలు తీసి చంకలో పెట్టుకుని, అలవాటుగా అద్దంలోంచి లోపలికి చూస్తే నారింజ రంగు అంకెలు వెలుగుతున్నాయి, రేడియో అంకెలు, ఇంజను ఇంకా తిరగలేదు కానీ రేడియో మేలుకుని కూర్చుంది. అలా ఉండకూడదు. ఎందుకు ఉండకూడదో నాకు నేర్పింది కృష్ణస్వామి సార్, పుదుపేటలో కార్లకు వైరింగు చేసే కొట్టులో పనిచేస్తున్న నన్ను, ఏడో తరగతితో బడి మానేసిన నన్ను, ఇక్కడికి పిలుచుకొచ్చిన ఇంజనీరు, పోయి తొమ్మిదేళ్లయింది. ఆయనకు పాఠం చెప్పడం రాదు, తిట్టడమే వచ్చు, ఆ తిట్లలోంచే నేర్చుకున్నాను. ఒరే ఆరోగ్యం, అని నా పేరు పెట్టి మొదలుపెట్టేవాడు, స్టార్టరు ఉండాదే, అది పస్తున్న దున్నపోతు, బ్యాటరీలో ఉండేదంతా ఒక్క గుక్కలో తాగేస్తాది, అప్పుడు కూడా భయం లేదు, ఇంజను అందుకున్నాక మనం తాళంచెవి వదుల్తామే, ఆ క్షణంరా భయం, పోతా ఉండిన కరెంటుకి దారి మూసేస్తే అదేం జేస్తాది, వెనక్కి తిరిగి తంతాది, రెప్ప కొట్టేంత సేపే, ఆ తన్ను దీపానికి తగిల్తే దులిపేసుకుంటాది, రేడియోకి తగిల్తే లోపల వెంట్రుక కన్నా సన్నంగా ఉండేయి మాడి మసి. అందుకే రేడియోలన్నిటికీ కలిపి విడిగా ఒక స్విచ్చి ఉంటుంది. ఇంజను తిరక్కముందు అది కింద ఉండాలి, తిరిగి కుదురుకున్నాక పైకి వెయ్యాలి, ఇంజను ఆపే ముందు మళ్లీ కిందికి. ఇంతే సంగతి. ఇంత చిన్న సంగతిని పట్టుకుని నేను ఇరవై ఆరేళ్లు బతికాను.

దాన్ని మించిన పాడు సంగతి ఇంకొకటి ఉంది, తన్ను తగిలిన రేడియో అప్పటికప్పుడు చావదు. అది చస్తే బాగుండును, నేల మీదే తెలిసిపోయేది, ఇంజను ఆపేసి దిగిపోయేవాళ్లు. అది పనిచేస్తుంది, మాట్లాడుతుంది, టవర్ వాళ్లకు గుడ్ మార్నింగ్ చెబుతుంది, ఆ తర్వాత పైన ఎండకీ తన వేడికీ కాగి, సగం మాడిన ముక్క ఏదో పూర్తిగా మాడి, అప్పుడు ఆగిపోతుంది. ఇవాళ అంతే అయి ఉంటుంది. రెండో రేడియో రిపేరుకని ఊడదీసి మూడు నెలలైంది, ఆ ఖాళీలో నేనే అట్టముక్క కోసి బిగించాను. విమానం ఎక్కడుందో టవర్ వాళ్ల తెర మీద చూపించే పెట్టె కూడా అదే స్విచ్చి కింద ఉంది, అదీ పోయి ఉంటుంది, అందుకే గదిలో కెప్టెన్ కార్తికేయ ఫోను చెవిలో పెట్టుకుని, లేదా, కనపడ్డం లేదా, మళ్లీ ఒకసారి చూడండి సార్ ప్లీజ్, అంటున్నాడు. ఆ గొంతులో ప్లీజ్ అనే మాట నేను ఇంతకుముందు వినలేదు. వినడానికి బాగుంది. బాగుందని అనుకున్నందుకు నా నోట్లో చేదుగా ఊరింది, ఉమ్మేద్దామంటే నేలంతా కడిగి ఉంది, కడిగింది నేనే.

కృష్ణస్వామి సార్ ఒక సైగ నేర్పాడు. విమానం ముందు నిలబడి, స్టార్టు చెయ్యమని చెయ్యి తిప్పే ముందు, రెండు చేతులూ అడ్డంగా వేసి చెవులు పట్టుకోవాలి, కుడి చేత్తో ఎడమ చెవి, ఎడమ చేత్తో కుడి చెవి, పిళ్లయార్ ముందు, అదే వినాయకుడి ముందు, గుంజీలు తీసేవాళ్లు పట్టుకున్నట్టు. రేడియో చెవులు మూశావా అని దానికి అర్థం. లోపలున్నవాడు స్విచ్చి ముట్టుకుని చూసుకుని, తన చెవి ఒకటి పట్టుకుని, బొటనవేలు ఎత్తి చూపించాలి. నేను మొదటిరోజు, సార్ నేను కిరస్తానీవాణ్ణి, రాయపురం కోవెల్లో జ్ఞానస్నానం జరిగినోణ్ణి, ఇట్టా పట్టుకుంటే మా ఫాదర్ చూస్తే ఏమంటాడు, అన్నాను. చెవులకి మతమేందిరా, రేడియోకి జ్ఞానస్నానం జేయించినారా, పట్టుకో, అన్నాడు. పట్టుకున్నాను. ఎంతమంది పిల్లలు, ఇప్పుడు పెద్ద పెద్ద విమానాలు నడిపేవాళ్లు, మొదట నా చెవులు చూసి నవ్వినవాళ్లే, రెండో వారానికి తామూ పట్టుకున్నవాళ్లే. ఏ పుస్తకంలోనూ ఇది లేదు. పుస్తకంలో ఉన్నది ఒక లైను, రేడియో స్విచ్చి ఆఫ్ అని, ప్లాస్టిక్ తొడిగిన కాగితం మీద పదిహేడు లైన్లలో తొమ్మిదోది, ఆ కాగితం మీద వేలు పెట్టుకుని చదువుతూ పోతారు, తొమ్మిదో లైను దగ్గర వేలు ఆగదు, ఎందుకు ఆగాలి, చివర్లో విమానం ముందు ఆరోగ్యం అంకుల్ నిలబడి చెవులు పట్టుకుంటాడు కదా, అప్పుడు చూసుకోవచ్చు. ఈ క్లబ్బులో పిల్లలు స్విచ్చి చూడరు, నన్ను చూస్తారు. ఈ తప్పు ఇక్కడివాళ్లు తప్ప ఇంకెక్కడివాళ్లూ చెయ్యరు, ఈ తప్పును ఇన్నేళ్లు నీళ్లు పోసి పెంచింది నేనే, మంచి చేస్తున్నానని అనుకుంటూ.

మంగళవారం. మంగళవారాన్ని తలుచుకోకూడదని పొద్దున్నుంచి అనుకుంటున్నాను, పంటికింద రాయిలా అదే తగులుతోంది. కార్తికేయ వచ్చి నాలుగు నెలలు, కాకినాడ వైపు అబ్బాయి, నా కూతురి కన్నా రెండేళ్లు పెద్ద, విదేశంలో నేర్చుకుని వచ్చాడు, బూట్లు ఎప్పుడూ మెరుస్తూ ఉంటాయి. ఆరుగురు పిల్లలు వరుసగా నిలబడి ఉన్నారు, విమానం ముందు నేను చెవులు పట్టుకున్నాను, ఆయన లోపలినుంచి ఇంజను స్టార్టు చెయ్యకుండా తలుపు తెరిచి దిగాడు. ఏవయ్యా ఆరోగ్యం, ఏంటీ సర్కసు, కోతిలాగా. ఇక్కడ చెక్‌లిస్టు అని ఒకటుంది, దాన్నిబట్టి విమానం నడుస్తది, నీ గుంజీలని బట్టి కాదు. అడ్డుచెక్కలు తీశావా, తీసి పక్కన నిలబడు, అంతే నీ పని. సార్, ఇది కృష్ణస్వామి సార్ పెట్టిన, అని నేను మొదలుపెట్టాను. ఎవరు, ఆ గోడ మీద ఫోటోనా, అన్నాడు ఆయన. పిల్లలు నవ్వారు. ఆరుగురూ. మాట పూర్తి చెయ్యకుండా నేను చెవులు వదిలాను, అడ్డుచెక్కలు తీశాను, పక్కన నిలబడ్డాను, రెండు చెవులూ మధ్యాహ్నం దాకా మండాయి, ఎవరో నిజంగా పట్టుకుని మెలిపెట్టినట్టు.

ఆ ఆరుగురిలో హైందవి ఉంది. అదే నాకు దిగని ముద్ద. మిగతా ఐదుగురి నవ్వు నాకు లెక్కలేదు, వాళ్లు నా పేరు కూడా సరిగ్గా పలకరు. ఈ పిల్ల వేరు, హైదరాబాదు నుంచి తండ్రి ఉద్యోగానికి ఇక్కడికి వచ్చినవాళ్లు, వచ్చిన మొదటి వారమే, అంకుల్ మీరు తెలుగా, అని దగ్గరికొచ్చి నిలబడింది. చెవులెందుకు పట్టుకుంటారు అని అడిగినవాళ్లు చాలామంది ఉన్నారు, రేడియోకి నిజంగా ఏమైతది అని అడిగింది ఈ పిల్ల ఒక్కతే. కాలిపోయిన పాత రేడియో ఒకటి విప్పి చూపించాను, బల్ల మీద పెట్టి, మాడిన చోట వేలు పెట్టి వాసన చూసింది, అన్నం అడుగంటిన వాసన అంకుల్, అంది, పుస్తకంలో ఒక్క లైనే ఉంది దీని గురించి, మీరు చెప్తే తెలిసింది, అంది. ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి నా పెళ్లాం పొన్నమ్మతో చెప్పాను, ఒక పిల్ల ఉండాది, శానా తెలివైన పిల్ల, అని. పొన్నమ్మ చేపలు కడుగుతూ, ఊళ్లో పిల్లలందరూ తెలివైనోళ్లే నీకు, నీకు పుట్టినదాన్ని తప్ప, అంది. అట్లాంటి పిల్ల మంగళవారం నవ్వింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, తల పక్కకు తిప్పుకుని, కానీ నవ్వింది, భుజాలు కదిలాయి, నేను చూశాను. చూడడం తప్ప నాకు ఇంకేం చేతనవును.

ఏడూ ముప్పై ఎనిమిది. పరంగిమల కొండ మీద మా కిరస్తానీ కోవెల తెల్లగా కనిపిస్తోంది, దాని పక్కనుంచి పెద్ద విమానం ఒకటి దిగుతోంది, రెండు నిమిషాలకొకటి, దాని వెనక ఇంకొకటి, వాటి వెనక ఆకాశంలో చుక్కల్లా ఇంకో రెండు, ఒకదాన్నొకటి తోసుకోకుండా టవర్ వాళ్లు రేడియోలో చెబితే ఒక్కొక్కటీ వస్తుంది. వాటి మధ్యలోకి ఒక చెవిటి మూగ చిన్న విమానం రావాలి. నువ్వాగు, వీడు వెళ్లనీ, అని ఆమెకు ఎవరూ చెప్పలేరు, నేనొస్తున్నాను అని ఎవరికైనా చెప్పడానికి ఆమెకు దారి లేదు. చెరువు మీద తిరుగుతూ ఉండిపోతుందా, రోడ్లు చూసుకుంటూ వచ్చేస్తుందా. నేర్పి ఉంటారు. రేడియో పోతే టవర్ వైపు చూడు, పచ్చ దీపం చూపిస్తే దిగు, ఎర్ర దీపం చూపిస్తే రావద్దు, అని. కానీ దీపం పట్టుకునేవాడికి ఆ పిల్ల రేడియో పోయిందని తెలియాలి కదా. వాళ్లు ఇప్పుడు అనుకుంటున్నది అది కాదు. వాళ్లు విమానం పడిపోయిందనుకుంటున్నారు. మణిమారన్ గొంతులో అది వినపడుతోంది, కార్తికేయ అడుగుల్లో వినపడుతోంది, గదిలో ఈ మూలనుంచి ఆ మూలకు, మెరిసే బూట్లు. వాళ్లు నేల మీద వెతుకుతున్నారు, ఆమె గాల్లో ఉంది. ఈ రెంటికీ మధ్య ఉన్న ఒక్క మాట నా దగ్గర ఉంది.

చెబితే ఏమవుతుంది. చూసి ఊరుకున్నావా అంటారు. ఈ పని పోతుంది. యాభై నాలుగేళ్లవాణ్ణి, చేతిలో సర్టిఫికెట్టు లేనివాణ్ణి, ఇంకెక్కడ నిలబెడతారు, పుదుపేట కొట్టులో కూడా ఇప్పుడు కంప్యూటరు తగిలించి కారు రోగం చెబుతున్నారు. చెప్పకపోతే ఏమవుతుంది. రేడియో పాతది, పోయింది, అంటారు, విప్పి చూసినా ఏ క్షణంలో మాడిందో దాని మీద రాసి ఉండదు. ఎవరూ అడగరు. ఆ నారింజ అంకెలు వెలగడం నేను చూశానని నేను చెబితే తప్ప దేవుడికే తెలుసు. అయినా ఆన్‌లో పెట్టింది నేనా. ఇంజను తిరక్కముందు వాతావరణం సంగతి విందామని కార్తికేయ లోపల కూర్చుని రేడియో వేశాడు, విన్నాడు, ఇంతలో ఫోను మోగితే మాట్లాడుకుంటూ దిగి గదిలోకి వెళ్లిపోయాడు, స్విచ్చి అలాగే ఉంది. చెక్‌లిస్టు సారే. కోతి కాదు. ఆ మాట అనుకున్నప్పుడు నా లోపల ఏదో చల్లగా నవ్వింది, పొద్దున అద్దంలోంచి ఆ అంకెలు చూసినప్పుడు కూడా అదే నవ్వింది, చూద్దాం, కాగితం చూసుకుంటుంది కదా కాగితం, అని. హైందవి ఎక్కి కూర్చుంది, కాగితం మీద వేలు జరుపుకుంటూ పోయింది, తొమ్మిదో లైను మీద వేలు ఆగలేదు, నాకు కనపడింది. చివరికి తల ఎత్తింది. నా వైపు చూసింది.

ఎంతసేపు చూసింది. మూడు లెక్కపెట్టేంత. అయిదు. ఎదురుచూసింది, అది కూడా నాకు తెలుసు, కనుబొమలు కొంచెం పైకి లేపి, ఏం అంకుల్ అన్నట్టు. నా చేతులు కదిలాయి, నిజం, మోచేతుల దాకా లేచాయి, అలవాటు ఎక్కడికి పోతుంది. అప్పుడు మంగళవారం కదిలిన భుజాలు గుర్తొచ్చాయి. చంకలో అడ్డుచెక్కలు సర్దుకున్నట్టు చేతులు దించేశాను, తల తిప్పి అవతల వంతెన మీద పోతున్న మెట్రో రైలును చూశాను, పెట్టెలు లెక్కపెట్టాను, నాలుగు. అంకుల్ ఏమీ అడగలేదు కాబట్టి అంతా సరిగ్గానే ఉందనుకుంది ఆ పిల్ల. ఇంజను దగ్గింది, తిరిగింది, స్టార్టరు వదిలింది. ఆ క్షణంలో నేను లోపలికి చూశాను. నారింజ అంకెలు ఒక్కసారి ఆరి మళ్లీ వెలిగాయి. రెప్పపాటు. ఆమెకు కనపడి ఉండదు.

నా కూతురు పరిమళ అప్పుడు పన్నెండో క్లాసు. కోవెల నుంచి వచ్చి, నలుగురు కూర్చుని ఉండగా, నర్సింగు చదువుతా నాయనా అంది, నేను ఆ రోజు ఎవరి మీదో కోపంగా ఉన్నాను, ఎవరి మీదో ఇప్పుడు గుర్తు కూడా లేదు, నీ మొహానికి నర్సింగా, నిన్ను చూస్తే బాగుపడే రోగి కూడా ప్రాణం వదిలేస్తాడు, అన్నాను. నలుగురూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. మర్నాడు మామూలుగానే కాఫీ తెచ్చి ఇచ్చింది, నాయనా అని పిలిచింది, ఏమీ కాలేదనుకున్నాను, ఏడాది మామూలుగానే ఉంది. తర్వాత ఒకరోజు మాట ఆగిపోయింది. మాధవరంలో పాల కాలనీ దగ్గర ఉంటుంది ఇప్పుడు, మొగుడి పేరు నేను శుభలేఖలో చదివి తెలుసుకున్నాను, నేను ఇంట్లో లేని వేళ చూసుకుని వాళ్లమ్మకు ఫోను చేస్తుంది, పొరపాటున నేను ఎత్తితే తమిళంలో, అమ్మ లేదా, సరి, అని పెట్టేస్తుంది. తెలుగు కూడా మానేసింది నాతో. లోపల ఎక్కడ మాడిందో నాకు తెలియకపోవడమేమిటి, నేను రేడియోలు విప్పేవాణ్ణి. తెలుసు. తెలిసీ పరిమళ దగ్గరికి వెళ్లి ఒక్క మాట అడగలేదు, అదే అడుగుతుందిలే, అదే వస్తుందిలే అని ఆరేళ్లుగా ఇలాగే, చేతులు జేబుల్లో పెట్టుకుని.

ఏడూ నలభై. గదిలోంచి కార్తికేయ, ఆ అమ్మాయి నాన్న నంబరు తియ్యి మణీ, అంటున్నాడు. ఇప్పుడే వద్దు సార్, కొంచెం చూద్దాం సార్, అంటున్నాడు మణిమారన్. వద్దు, తియ్యి, చెప్పాలి, అని, ఆ మాట చివర ఆయన గొంతు పగిలింది, ఇరవై ఏడేళ్ల కుర్రాడి గొంతు, ఏడవబోతున్న గొంతు, అది వినడానికి బాగుండాలి, బాగుండలేదు. నా కాళ్లు కదిలాయి. నేను కదిలించానని చెప్పుకోను, గొప్ప మనిషినని చెప్పుకోవడానికి నా దగ్గర ఇవాళ ఏమీ లేదు, కాళ్లే వెళ్లాయి, మూడు మెట్లు, తలుపు.

"సార్, ఆ నంబరు వద్దు. ఆ పిల్ల బాగానే ఉంటాది. రేడియో కాలిపోయింది, అంతే."

"నీకెట్లా తెలుసు?"

"పొద్దున ఇంజను తిప్పేటప్పుడు రేడియో ఆన్‌లో ఉండింది సార్. నేను చూసినా."

"చూసి?"

"చూసి ఊరికే ఉండినా."

మణిమారన్ చెవికి పెట్టుకున్న హెడ్‌సెట్టు తీసి, "అన్నా, ఏందన్నా ఇది," అన్నాడు, మా పేటవాడే, నన్ను అన్నా అని తప్ప పిలవడు, మళ్లీ పిలుస్తాడో లేదో. కార్తికేయ నా మీదికి వచ్చాడు, చొక్కా పట్టుకుంటాడనుకున్నాను, "ఎవడు పెట్టాడు ఆన్‌లో, ఎవడు..." అని, ఆ రెండో ఎవడు దగ్గర ఆగిపోయాడు. ఆయన మొహంలో ఆ ఫోను మోగడం, దిగడం, నడవడం, ఒక్కొక్కటీ వెనక్కి నడిచి వస్తుంటే చూశాను. తిరిగి టవర్‌కి ఫోను చేశాడు, "సార్, రేడియో ఫెయిల్యూర్ అనుకుంటున్నాం, విమానం పడిపోలేదు, వస్తది, దీపం సిద్ధంగా పెట్టండి, వెనకొచ్చేవాటిని కొంచెం ఆపండి సార్," అన్నాడు, అటువాళ్లు ఎలా తెలిసిందని అడిగి ఉంటారు, "మా గ్రౌండ్ స్టాఫ్ చెప్పాడు," అన్నాడు.

ఆ తర్వాత పదిహేడు నిమిషాలు మేం ముగ్గురం బయట ఎండలో నిలబడ్డాం. దిగాల్సిన పెద్ద విమానాలు దిగకుండా సముద్రం వైపు తిరిగిపోయాయి, ఒకటి, రెండు, ఆకాశం ఖాళీ అయింది, అంత ఖాళీ ఆకాశం నేను ఇక్కడ ఎప్పుడూ చూడలేదు. నేను అనుకున్నది తప్పయితే. రేడియో ఒక్కటే కాకుండా ఇంకేమైనా మాడి ఉంటే, వైర్లకు మంట అంటుకుని ఉంటే, ఆ చిన్న అద్దాల పెట్టె నిండా పొగ. బాగానే ఉంటాది అన్నాను, ఏం చూసి అన్నాను. మరియమ్మను తలుచుకుందామంటే నోరు రాలేదు, చేసినవాడు తనే అడిగితే ఆమె మాత్రం ఏం చెబుతుంది. మణిమారనే ముందు చూశాడు, అదో అదో, అన్నాడు, పోరూరు వైపునుంచి ఒక నలక, తెల్లగా, నెమ్మదిగా. టవర్ మీదినుంచి పచ్చ దీపం వెలిగింది, నిలకడగా. విమానం రెక్కలు ఇటూ అటూ ఊపింది, చూశానని. ఆ ఊపు చూసి కార్తికేయ కింద కూర్చుండిపోయాడు, మెరిసే బూట్లతో, నేను కడిగిన నేల మీద.

రోమియో వచ్చి ఆగేలోపు ఆయన లేచి ప్యాంటు దులుపుకుని నా పక్కకు వచ్చాడు, నా భుజం మీద చెయ్యి వేశాడు. "చూడండి ఆరోగ్యంగారూ," అన్నాడు. గారూ. "రేడియో ఎప్పటిదో, పాతదైపోయి పోయింది. అట్లా రాద్దాం. మీకూ మంచిది, నాకూ మంచిది, ఆ అమ్మాయి మీదా మాట రాదు. ఏమంటారు?" ఆ చెయ్యి చెమటతో తడిసి ఉంది, బరువుగా ఉంది, దాన్ని నా భుజం మీదినుంచి తియ్యాలంటే నేను ఆయనకన్నా మంచివాణ్ణి అయి ఉండాలి.

హైందవి దిగింది, మొహం ఎర్రగా కంది ఉంది, కానీ నవ్వుతోంది, కార్తికేయను దాటి నేరుగా నా దగ్గరికి వచ్చింది. "అంకుల్, అన్నీ ఒక్కసారే పోయినయ్. నేనేం తప్పు చేశాను? మీకు తెలిసే ఉంటది, చెప్పండి."

"రేడియో పాతదమ్మా," అన్నాడు కార్తికేయ వెనకనుంచి, "పాతదైపోయింది, అంతే, నీ తప్పేం లేదు."

"కాదమ్మా," అన్నాను. "స్టార్టు చేసేటప్పుడు ఆన్‌లో ఉండింది. సారు వేసి మరిచిపోయినాడు. నువ్వు చూసుకోలేదు. నేను చూసినాను. చూసి, తల తిప్పుకున్నాను."

నవ్వు ఒక్కసారిగా పోలేదు, అది ఎక్కడికి పోవాలో తెలియక కాసేపు మొహం మీదే ఉండిపోయింది. "కావాలనా?" అంది.

"ఆఁ."

"ఎందుకు అంకుల్?"

ఇంత పొడుగు జవాబు ఉంది నా దగ్గర అనుకున్నాను. ఏడో తరగతి, కృష్ణస్వామి సార్, ఇరవై ఆరేళ్లు. అవేవీ ఆ పిల్ల ముందు నిలబడలేదు, మిగిలింది ఒక్కటే, అది ఎంత చిన్నదో చెప్పేటప్పుడు తెలిసింది. "మంగళవారం సారు నన్ను కోతి అన్నప్పుడు నువ్వు నవ్వినావు."

ఆమె నన్ను చూసింది, నిజంగా ఆలోచించింది, కళ్లు చిన్నవి చేసి ఆ రోజు కోసం వెతికింది. "నేను నవ్వానా?" అంది. గుర్తులేదు. నిజంగానే లేదు.

ఎగిరేటప్పుడు ఆపి ఉంచి దిగగానే తెరిచిన ఫోను ఆమె జేబులో మోగింది. ఎత్తింది, నా మొహంలోకే చూస్తూ మాట్లాడింది. "ఆఁ అమ్మా, దిగాను. లేదు, ఆలస్యం ఏం లేదు. రేడియో ఒకటి పోయింది, అంతే. పాతది కదా, పాతదైపోయింది. ఛ, నాకేం కాలేదు, ఇంటికొచ్చి చెప్తా." పెట్టేసి, "ఇంట్లో తెలిస్తే రేపటినుంచి రానివ్వరు," అంది, నాతో కాదు, నా భుజం మీదుగా కార్తికేయతో. ఆయన తల ఊపాడు, త్వరత్వరగా, రెండుసార్లు. ఇద్దరూ గది వైపు నడిచారు. మెట్ల దగ్గర ఆగి ఆ పిల్ల ఏదో అడుగుతోంది, గాలి ఇటువైపే ఉంది కాబట్టి నాకు వినపడింది. రేపు నాకు ఏ విమానం సార్, అని అడుగుతోంది. దాని ముందు ఎవరు నిలబడతారని మాత్రం అడగలేదు.